మొహమాటం పద్దు: ఒక షావుకారు మిల్లులో తరుగు కథ

పల్లెల్లో వ్యాపారం చేసే కుటుంబాల లెక్కలు చూడటం నా వృత్తి. ఈ కేసులో నష్టం ఒకచోట పుట్టి మరొకచోట కనిపించింది, అందుకే రాస్తున్నాను. ఎరువులు అప్పిచ్చి, ధాన్యం కొని, మిల్లు కూడా నడిపే ఇళ్లలో ఇది మామూలే. అయినా ఆడిటర్లమైనా, బ్యాంకు వాళ్లైనా మిల్లు కాగితాలు మిల్లు వరకే, కొట్టు కాగితాలు కొట్టు వరకే చూసి సంతకం పెట్టేస్తాం. కుటుంబాన్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. లెక్కలను బస్తాకు, క్వింటాలుకు, లక్ష రూపాయలకు కుదించి చెబుతాను. అసలు మొత్తాలతో పాఠకులకు పని లేదు.

నేపథ్యం

కోస్తా డెల్టాలో కాలువ కింద ఊరు. ఊరంతా ఆయనను షావుకారు గారు అంటారు, నేనూ అలాగే రాస్తాను. వయసు డెబ్బై దాటింది. తండ్రి నుంచి ఆయనకు వచ్చింది చిన్న కిరాణా కొట్టు, ఒక హల్లర్ మిల్లు. రైతులు తిండికి కావలసిన వడ్లు తెచ్చి, ఆడించుకుని, కూలి ఇచ్చి వెళ్లే మిల్లు అది. దాన్ని ఆయన మొదట షెల్లర్ మిల్లుగా, తరువాత రబ్బరు రోలర్ల మిల్లుగా మార్చారు. కిరాణా కొట్టు కాస్తా ఎరువులు, పురుగుమందుల కొట్టు అయింది.

మిల్లు ఎదిగింది లెవీ కాలంలో. అప్పట్లో మన రాష్ట్రంలో మిల్లరు తయారు చేసిన బియ్యంలో 75 శాతం వరకు నిర్ణీత ధరకు ప్రభుత్వానికి లెవీగా పోయేది, మిగిలింది బయట అమ్ముకునేవారు. లాభం సన్నమే అయినా కొనేవాడు ఖాయం. కేంద్రం 2014 అక్టోబరు నుంచి లెవీని 25 శాతానికి కుదించి, 2015 అక్టోబరు నుంచి పూర్తిగా ఎత్తివేసింది. ఆ తరువాత మిల్లుకు రెండు పనులు మిగిలాయి. మొదటిది ప్రభుత్వం రైతుల దగ్గర కొన్న ధాన్యాన్ని మర పట్టించి ఇవ్వడం. క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. తవుడు, ఊక మిల్లుకు మిగులుతాయి, మరాడింపు కూలి కొంత వస్తుంది. రెండోది సొంత డబ్బుతో ధాన్యం కొని, ఆడించి, బియ్యం బయట అమ్ముకోవడం. ఈ కేసంతా రెండో పని చుట్టూ తిరుగుతుంది.

షావుకారు గారికి ఇద్దరు కొడుకులు. పెద్దబ్బాయి కొట్టు చూస్తాడు, చిన్నబ్బాయి మిల్లు చూస్తాడు. నాట్ల ముందు రైతు కొట్టులో ఎరువులు అప్పు మీద తీసుకుని ప్రామిసరీ నోటు రాస్తాడు. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. కోతలయ్యాక ఆ రైతు ధాన్యం మిల్లు కాటా మీదకు వస్తుంది. విలువ కట్టి బాకీలో జమ వేస్తారు, మిగిలితే చేతికిస్తారు, చాలకపోతే నోటు వెనుక చెల్లు, అంటే ఇంత ముట్టిందన్న రాత, రాయించుకుంటారు. కాటా దగ్గర కూర్చునేది మాత్రం షావుకారు గారే. చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల పుస్తకం) ఆయన చేతిరాతలోనే ఉంటాయి, గుమస్తా వాటిని తరువాత కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు.

నా దగ్గరకు వచ్చిన సమస్య

2023 మొదట్లో పెద్దబ్బాయి వచ్చాడు. ఆయన ప్రశ్న సూటిగా ఉంది: మిల్లు అమ్మేయాలా, వద్దా? పుస్తకాల ప్రకారం కొట్టు ఏటా చక్కటి లాభం చూపిస్తోంది, మిల్లు ఏటా నష్టం చూపిస్తోంది. అన్నదమ్ములు పంపకాల మాట అనుకుంటున్నారు. నష్టాల మిల్లును తమ్ముడి వాటా కింద లెక్కగడితే తమ్ముడు ఒప్పుకోడు, తన వాటా కింద తీసుకోవడం తనకు ఇష్టం లేదు.

దీనికి తోడు బ్యాంకు నుంచి ఒత్తిడి మొదలైంది. మిల్లుకు క్యాష్ క్రెడిట్ ఖాతా ఉంది. ప్రతి నెలా స్టాకు వివరాలు ఇస్తే, అందులో నాలుగో వంతు మార్జిన్ తీసివేసి మిగిలిన మేరకు డబ్బు వాడుకోనిస్తారు. బ్యాంకు తరఫున తనిఖీకి వచ్చినవాళ్లు గోదాములో ధాన్యం తూకం వేయించారు. పుస్తకంలో ఉన్నదానికంటే నూటికి ఏడు వంతులు తక్కువ వచ్చింది. తాకట్టులో ఉన్న స్టాకు తగ్గిందంటే బ్యాంకు భాషలో దానికి ఒకటే అర్థం, సరుకు దారి మళ్లిందని. వివరణ ఇమ్మని లేఖ వచ్చింది.

ఇంట్లో ఎవరి అనుమానం వారిది. పెద్దబ్బాయి దృష్టిలో తమ్ముడి నిర్లక్ష్యం. చిన్నబ్బాయి దృష్టిలో గుమస్తా, రాత్రి కాపలావాడు. షావుకారు గారు మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు, వయసు మీద పడినాయన అనుకున్నాను.

దొంగతనమా, యంత్రమా?

నేను అడుగుపెట్టేనాటికే రెండు ప్రయత్నాలు జరిగాయి. గేటు దగ్గర, గోదాములో కెమెరాలు పెట్టారు. వాటిలో చెప్పుకోదగ్గదేమీ దొరకలేదు, తరుగుదలా ఆగలేదు. రెండోది, బియ్యంలో పసుపు గింజలు ఎక్కువగా వస్తున్నాయని రంగు గింజలను వేరుచేసే సార్టెక్స్ యంత్రానికి కొటేషన్ తెప్పించారు. దానికి అప్పు కూడా అడగబోతున్నారు.

సార్టెక్స్‌ను ఆపమన్నాను. అది పసుపు గింజను ఏరి పారేస్తుంది, కానీ ఆ గింజకు ధర అప్పటికే చెల్లించాం. గింజ ఎందుకు పసుపెక్కుతోందో తెలియకుండా ఏరే యంత్రం కొంటే, నష్టం బియ్యం లోంచి తీసి చెత్త బుట్టలో చూసుకున్నట్టవుతుంది. తడి ధాన్యం కుప్పలో వేడెక్కితే రంగు మారుతుందన్న సంగతి మిల్లులో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. మరి ఈ మిల్లులోకి తడి ధాన్యం ఎందుకొస్తోంది? ఆ ప్రశ్నకు సమాధానం వచ్చేదాకా కొత్త అప్పు వద్దన్నాను.

తరువాత లెక్క. సొంత ధాన్యం పద్దులో నూరు క్వింటాళ్లకు 62 క్వింటాళ్ల బియ్యమే కనిపిస్తోంది. అదే యంత్రం మీద ఆడిన ప్రభుత్వ ధాన్యానికి 67 అప్పగిస్తున్నారు. పైకి చూస్తే యంత్రం బాగున్నట్టే. కానీ ఇక్కడ తొందరపడకూడదు. 67 ఇచ్చి తీరాలి కాబట్టి, ప్రభుత్వ ధాన్యంలో తక్కువ పడిన బియ్యాన్ని సొంత బియ్యంతో పూడ్చి ఉండవచ్చు. అలా జరిగితే ప్రభుత్వ పద్దు నిండుగా, సొంత పద్దు వెలితిగా కనిపిస్తుంది, యంత్రం లోపం మరుగున పడుతుంది.

దీన్ని తేల్చడానికి నేను తవుడు పట్టుకున్నాను. తవుడు నిల్వ ఉంచే సరుకు కాదు. బియ్యం నుంచి విడిపోయిన కొద్ది గంటల్లోనే అందులోని నూనెలో ఆమ్లత్వం పెరగడం మొదలవుతుంది, అందుకే నూనె మిల్లుకు వెంటవెంటనే పంపేస్తారు. ప్రతి లోడుకూ బిల్లు ఉంటుంది, తూకం కొనేవాడి వేబ్రిడ్జి మీద జరుగుతుంది. అంటే ఈ ఇంట్లో ఎవరూ దిద్దలేని లెక్క అది. రకాన్ని బట్టి ధాన్యంలో ఊక సుమారు ఐదో వంతు, తవుడు ఎనిమిది శాతం దాకా ఉంటుంది. బియ్యం ఆడాక పోతుంటే తవుడు నిండుగా రావాలి. యంత్రం బియ్యాన్ని నలగ్గొడుతుంటే నూకో తవుడో ఎక్కువ రావాలి. ఒక పద్దు నుంచి మరో పద్దుకు బియ్యం మళ్లిస్తుంటే రెండు పద్దుల తవుడు కలిపి చూసినప్పుడు సరిపోవాలి. ఈ మూడూ కాలేదు. సొంతంగా కొన్నట్టు రాసుకున్న ధాన్యానికి రావలసిన తవుడులో కూడా నూటికి ఏడు వంతుల వెలితి ఉంది. అంటే ఆ ధాన్యం అసలు మర దాకా రాలేదు. యంత్రం మీద ఇంకేమైనా సందేహం ఉంటే పోవాలని, బాగా ఆరిన ధాన్యాన్ని తూచి కొంత విడిగా ఆడించాం. 67కు కాస్త అటూ ఇటూగా బియ్యం వచ్చింది.

ఇక మిగిలింది కాటాకూ మరకూ మధ్య దూరం. అక్కడ ఉన్నది ఆరబోసే కళ్లం. గుమస్తా దగ్గర దానికి లెక్కేమీ లేదు. హమాలీల మేస్త్రి దగ్గర ఉంది.

మేస్త్రి జేబులో నూనె మరకలతో చిన్న నోటుపుస్తకం ఉంటుంది. దించిన బస్తాకు ఒక కూలి, ఆరాక మళ్లీ నింపి కుట్టిన బస్తాకు ఒక కూలి. అందుకని ఏ రోజు సరుకు ఎన్ని బస్తాలు దించారో, ఆరబోశాక అదే సరుకు ఎన్ని బస్తాలకు వచ్చిందో గీతలు గీసి పెట్టుకుంటాడు. ఐదు గీతలకు ఒక అడ్డగీత. ఆ పుస్తకాన్ని షావుకారు గారి చిట్టాతో తేదీలవారీగా పక్కపక్కన పెట్టి చూస్తే విషయం బయటపడింది. రొక్కానికి అమ్మిన రైతుల ధాన్యం ఎక్కువగా వచ్చిన రోజుల్లో బస్తాలు పెద్దగా తగ్గలేదు. బాకీదారుల ధాన్యం వచ్చిన రోజుల్లో దించిన బస్తాలకూ నింపిన బస్తాలకూ బాగా తేడా ఉంది. దొంగ ఎవరైనా ఉంటే బాకీదారుల ధాన్యాన్నే ఎంచి దొంగిలించాలి. అది కుదరని మాట. పోయింది నీరు.

రెండు కిలోల తరుగు

ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట) కోతలు మొదలైనప్పుడు కాటా దగ్గర ఒక పూట కూర్చున్నాను. ఒక రైతు ట్రాక్టరు వచ్చింది. షావుకారు గారు బస్తాలోకి చేయి జొనిపి, అడుగు నుంచి గుప్పెడు తీసి, ఒక గింజను పంటి కింద పెట్టారు. "ఇరవై" అన్నారు నాకు మాత్రమే వినబడేలా. చిన్నబ్బాయి కొత్తగా కొన్న తేమ మీటరులో అదే ధాన్యం పోస్తే 20.6 చూపింది. ఆయన చిట్టాలో రాసింది మాత్రం ఎప్పటిలాగే: బస్తాకు తరుగు, అంటే తేమకని బరువులో కోసేది, రెండు కిలోలు.

ఆ రెండు కిలోలు ఎక్కడివో చూద్దాం. మనవైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మర ఆడటానికి అనువైన తేమ 14 శాతం. 16 లేదా 17 శాతం తేమ ఉన్న ధాన్యం 14కు ఆరితే బస్తాకు రెండు, రెండున్నర కిలోలు తగ్గుతుంది. చేత్తో కోసి, పనలు చేలోనే ఆరబెట్టి, కుప్ప వేసి, తీరిక చూసుకుని నూర్చిన రోజుల్లో ధాన్యం ఇంచుమించు ఆ తేమతోనే కాటాకు వచ్చేది. కాబట్టి రెండు కిలోల మామూలు అప్పట్లో న్యాయమైన లెక్కే. తరువాత కోత యంత్రాలు వచ్చాయి. పొద్దున కోసిన పంట మధ్యాహ్నానికి ట్రాక్టరులో ఉంటోంది. తేమ 22, ఒక్కోసారి అంతకు పైన. మామూలు మాత్రం మారలేదు.

22 శాతం తేమతో వచ్చిన నూరు క్వింటాళ్లలో అసలు సరుకు 78 క్వింటాళ్లు. 14 శాతానికి ఆరితే మొత్తం బరువు 78ని 0.86తో భాగించగా వచ్చేది, అంటే 90.7 క్వింటాళ్లు. బస్తాకు చూస్తే 75 కిలోలు 68 అవుతాయి. తరుగు ఏడు కిలోలు కోయాలి, కోసింది రెండు. తేడా ఐదు కిలోలు. 2022-23లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,040 రూపాయలు, అంటే ప్రతి బస్తా మీద వంద రూపాయలకు పైగా నీటికి చెల్లించారు. పుస్తకంలో 73 కిలోలు, గోదాములో 68. బ్యాంకు తనిఖీలో తేలిన ఏడు శాతం ఇదే. 62 శాతం బియ్యమూ ఇదే.

అడ్డతిప్పలు లేకుండా ఆయననే అడిగాను: తేమ తెలిసి కూడా రెండు కిలోలే ఎందుకు కోస్తున్నారు?

"వాడు నాకు బాకీ ఉన్నాడండీ ఆడిటరు గారూ. ఏడు కిలోలు కోస్తే బాకీ తీరదు. బాకీ తీరకపోతే మళ్లీ ఎరువు ఇవ్వడానికి నాకు మనసొప్పదు. ఎరువు ఇవ్వకపోతే వచ్చే పంట నా కాటా మీదకు రాదు. అదీగాక, ఏడు కిలోలంటే షావుకారు మోసం చేశాడనే అంటారు గానీ, మీటరు చూపిందని ఎవరంటారు?"

ఇది అమాయకత్వం కాదు, లెక్క తెలిసినవాడి లెక్క. ధాన్యం కొనుగోళ్లలో తరుగు మీద జరిగినన్ని గొడవలు ధర మీద కూడా జరగవు. మిల్లరు ఎక్కువ తరుగు తీస్తాడన్న అనుమానం ప్రతి సీజన్లోనూ రైతుకు ఉంటుంది, చాలాచోట్ల అది నిజం కూడా. షావుకారు గారు ఆ మాట పడకుండా బాకీ వసూలు చేసుకునే దారి వెతుక్కున్నారు. ఆ దారికి అయ్యే ఖర్చు ఎవరి పద్దులో పడుతోందన్నది మాత్రం ఆయన చూసుకోలేదు. ఉమ్మడి కుటుంబంలో ఆయనకు ఆ అవసరం కూడా రాలేదు, ఏ జేబులోంచి పోయినా తన జేబే.

కొట్టు లాభం ఎంత నిజం?

ఈ లెక్క తేలగానే నేను కొట్టు పుస్తకాలు తెరిచాను. యూరియా 45 కిలోల బస్తా గరిష్ఠ చిల్లర ధర 266 రూపాయల 50 పైసలు, డీఏపీ 50 కిలోల బస్తా 1,350 రూపాయలు. ధర ప్రభుత్వం కట్టడి చేసిన సరుకులో డీలరుకు మిగిలేది కొద్దిగానే. అంత లాభం సరుకు మీద వచ్చే అవకాశం లేదు, వడ్డీ మీదనే రావాలి. ఆ వడ్డీ వసూలవుతున్నది ధాన్యం రూపంలో.

లక్ష రూపాయల అప్పు తీసుకోండి. ఆరు నెలలకు వడ్డీ 12,000, రైతు ఇవ్వవలసింది 1,12,000. అంత విలువకు ధాన్యం జమ వేశారు. కానీ బస్తాకు 73 కిలోలని జమ వేసినచోట నిజంగా ఉన్నది 68 కాబట్టి, మిల్లుకు చేరిన ధాన్యం విలువ సుమారు 1,04,300. కొట్టు పుస్తకంలో వడ్డీ 12,000 పూర్తిగా వసూలైంది, నిజంగా వచ్చింది 4,300. ఏడాదికి చూస్తే తొమ్మిది శాతం కూడా లేదు. బ్యాంకుకు వీళ్లు కడుతున్న వడ్డీ అంతకంటే ఎక్కువ. మిగిలిన 7,700 రూపాయలను మిల్లు తన నష్టంగా రాసుకుంది.

ఈ కాగితం పెద్దబ్బాయి ముందు పెట్టినప్పుడు ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. తన కష్టంతో వచ్చిన లాభంలో సగానికి పైగా తమ్ముడి మిల్లు కట్టిందని వినడం ఎవరికైనా కష్టమే. హమాలీ మేస్త్రి పుస్తకం చూశాకే కాస్త మెత్తబడ్డాడు. అది తమ్ముడి మనిషి రాసింది కాదు, నేను రాసింది కాదు, కూలి డబ్బుల కోసం రాసుకున్నది.

పనిచేయనిది

లెక్క తెలిసింది కాబట్టి సరిదిద్దడం తేలికనుకున్నాడు చిన్నబ్బాయి. ఆ దాళ్వా మధ్యలోనే కాటా గదిలో పట్టిక అంటించాడు: తేమ ఇంత ఉంటే తరుగు ఇంత, ఎవరికైనా ఒకటే. అంకెలన్నీ సరైనవే. మీటరు కూడా కొత్తది. కానీ ఒక పట్టిక అంటించినంత మాత్రాన ముప్పై ఏళ్ల మామూలు పోదు. మొదటి రోజునే కాటా దగ్గర మాటా మాటా పెరిగింది. రొక్కం రైతులు పెద్దగా నష్టపోలేదు, వాళ్లది ఎలాగూ ఆరిన ధాన్యమే. బాకీదారుల్లో చాలామంది పక్క ఊరి కమీషన్ వ్యాపారికి అమ్మి, వచ్చిన రొక్కం ఇంటికి తీసుకుపోయారు. కొట్టు బాకీ అలాగే ఉండిపోయింది.

ఇందులో ఇంకో చిక్కుంది. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల గడువు. ఆ లోపల బాకీదారు కొంత చెల్లించి తన సంతకంతో చెల్లు రాస్తే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. లేకపోతే నోటు మురిగిపోతుంది, అంటే దాని మీద కోర్టుకు వెళ్లడానికి ఉండదు. ధాన్యం రాకపోతే చెల్లు లేదు. తడిదైనా ధాన్యం కాటా మీదకు వస్తే నోటు బతుకుతుందన్నది షావుకారు గారి రెండో లెక్క. అది ఆయన అంతవరకు పైకి చెప్పలేదు.

పట్టిక తీసేయమని పెద్దాయన, తీయనని చిన్నబ్బాయి. నేను పట్టికను ఉంచాలనే అన్నాను, కానీ దాన్ని అమలుచేసే తీరు మార్చాలన్నాను. పట్టికలో తప్పు లేదు. రాయితీ ఇవ్వడానికి అది చోటు మిగల్చలేదు, ఈ వ్యాపారం రాయితీ మీద నడుస్తోంది. రాయితీని కిలోల్లో దాస్తే బరువు అబద్ధమవుతుంది, స్టాకు అబద్ధమవుతుంది, బ్యాంకుకు ఇచ్చే కాగితం అబద్ధమవుతుంది. అదే రూపాయల్లో రాస్తే అది ఖర్చు అవుతుంది, అంతే.

పనిచేసినది

2023 సార్వాకు (వానాకాలం పంటకు) ముందు ముగ్గురినీ కూర్చోబెట్టి మూడు మార్పులు చేశాం.

మొదటిది తూకం. కాటా చీటీ మీద వచ్చిన బరువు, రైతు కళ్ల ముందే పెట్టిన మీటరు తేమ, పట్టిక ప్రకారం ఎండు బరువు, మూడూ రాయాలి. మిల్లు పుస్తకంలోకి ఎండు బరువు మాత్రమే ఎక్కుతుంది. మీటరు మీద నమ్మకం లేని రైతు తన ధాన్యం కొంచెం తూచి, రెండు రోజులు ఎండబెట్టి మళ్లీ తూచుకోవచ్చని చెప్పాం. ఇద్దరు ముగ్గురు నిజంగానే అలా చేశారు. ఆ తరువాత మీటరు మీద గొడవ తగ్గింది.

రెండోది రాయితీ పద్దు. షావుకారు గారు ఎవరికైనా తరుగు తగ్గించదలిస్తే తగ్గించవచ్చు, ఆయన అధికారానికి అడ్డు లేదు. అయితే ఆ మేరకు రూపాయలు రైతు ఖాతాలో రాయితీగా జమ, కొట్టు ఖాతాలో ఖర్చు. మిల్లుకు దానితో సంబంధం లేదు. పేరేం పెడదామంటే పెద్దాయన నవ్వి "మొహమాటం పద్దు" అన్నారు. పుస్తకంలో అలాగే ఉంది. ఆయన అధికారాన్ని తీసేయకపోవడానికి నాకు ఒక కారణం ఉంది. ఎవరికి ఎంత ఇస్తే వచ్చే పంట తిరిగి వస్తుందో ఆ ఇంట్లో ఆయన ఒక్కరికే తెలుసు. ఆ తెలివి పట్టికలో పట్టదు. దాని వెల పైకి కనబడితే చాలు.

మూడోది కళ్లం. తడి ధాన్యం తెచ్చిన బాకీదారుకు రెండు దారులు ఇచ్చాం: అప్పుడే అమ్మితే పూర్తి తరుగు, లేదంటే మిల్లు కళ్లంలో తన కూలితో ఆరబోసుకుని, ఆరాక తూచుకోవచ్చు. టార్పాలిన్ పట్టాలు మిల్లువి, అద్దె లేదు. మిల్లుకు ఇందులో ఖర్చుంది, రాత్రి కాపలా ఉంది, వాన భయం ఉంది. అయినా లాభమే అని తేల్చడానికి రెండు సంగతులు చూశాను. తడి ధాన్యం కుప్పలో వేడెక్కి పసుపెక్కడం ఆగుతుంది. హడావుడిగా మండుటెండలో పల్చగా పరిస్తే గింజ పగిలి నూక పెరుగుతుంది. తన ధాన్యమైతే రైతు కాలితో తిప్పుతూ, పొద్దెక్కాక కుప్ప చేస్తూ నిదానంగా ఆరబెడతాడు. సార్టెక్స్ ప్రస్తావన మళ్లీ ఎవరూ తేలేదు.

ఈ ఏర్పాటుకు పరీక్ష డిసెంబరులో వచ్చింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసినది కళ్లాల్లో, కోయనిది నీళ్లలో. ఆ వారాల్లో వచ్చిన ధాన్యానికి పట్టిక ప్రకారం తరుగు తీస్తే రైతుకు మిగిలేది లేదు. షావుకారు గారు తన మామూలుకు తిరిగి వెళ్లిపోయారు, ధారాళంగా తగ్గించారు. చిన్నబ్బాయి కంగారుపడి నాకు ఫోను చేశాడు. నేను ఒక్కటే అడిగాను, మొహమాటం పద్దులో రాస్తున్నారా అని. రాస్తున్నారు. మిల్లు పుస్తకంలో ఎండు బరువే ఎక్కుతోంది. ఇక ఆందోళన ఎందుకు? ఆ ఏడాది కొట్టు లాభం బాగా తగ్గింది. తుపాను ఏడాదిలో ఎరువుల అప్పు మీద లాభం తగ్గడమే సహజం, వెనకటిలా అయితే అది మిల్లు నష్టంగా కనిపించి ఉండేది.

బ్యాంకు సంగతి క్లుప్తంగా. వాళ్లు రెండోసారి తనిఖీకి వచ్చేలోపే మేమే వెళ్లాం. తేమ లెక్క, తవుడు బిల్లులు, మేస్త్రి పుస్తకం నకలు పెట్టి, స్టాకును ఎండు బరువుకు తగ్గించి కొత్త స్టేట్‌మెంట్ ఇచ్చాం. దాంతో వాడుకోగల పరిమితి తగ్గి, ఖాతా పరిమితి దాటినట్టయింది. 90 రోజుల్లోగా సర్దకపోతే మొండి బాకీ కింద పడుతుంది. షావుకారు గారు తన పేరిట ఉన్న డిపాజిట్లు తీసి సర్దారు. ఇది పెద్దబ్బాయికి నచ్చలేదు. కానీ తప్పుడు స్టాకు మీద తీసుకున్న డబ్బు ఏదో ఒక రోజు ఇవ్వవలసిందే, తనిఖీలో దొరికాక ఇచ్చేకంటే ముందే ఇవ్వడం మేలని షావుకారు గారే అన్నారు.

నేర్చుకున్నవి

ఇటువంటి ఇళ్లలో ఏ విభాగం లాభం, ఏది నష్టం అని అడిగే ముందు, ఒకదాని నుంచి మరొకదానికి సరుకు ఏ ధరకు, ఏ తూకానికి మారుతోందో చూస్తున్నాను. కొట్టుకూ మిల్లుకూ మధ్య డబ్బు మారదు, ధాన్యం మారుతుంది. ధరను అందరూ పట్టుకుంటారు. తూకంలో ఉన్న ధరను ఎవరూ పట్టుకోరు.

యజమాని పుస్తకాలకు బయట, వేరే అవసరం కోసం ఎవరైనా రాసుకున్న లెక్క ఉందేమో వెతకాలి. ఈ కేసులో తవుడు కొన్నవాడి తూకం, హమాలీ మేస్త్రి గీతలు. మరో మిల్లులో కరెంటు యూనిట్లు పనికొచ్చాయి. ఇవి దొరికితే కుటుంబంలో ఎవరి మాట నమ్మాలన్న ప్రశ్నే రాదు. గుమస్తాను కూడా దీనివల్లే కాపాడగలిగాం, లేకపోతే ఆయన ఉద్యోగం ఆ వేసవిలోనే పోయేది.

తరుగు మామూలును మార్చేటప్పుడు అది పుట్టినప్పటి కారణం వెతకడం నాకు బాగా ఉపయోగపడింది. చేత్తో కోసిన ధాన్యానికి కట్టిన రెండు కిలోలను యంత్రం కోతకు వాడుతున్నారని రైతులకు చెప్పినప్పుడు, ముఖ్యంగా పెద్దవాళ్లు, వెంటనే గ్రహించారు. పనలు ఆరబెట్టిన రోజులు వాళ్లకు గుర్తున్నాయి. శాతాల్లో చెప్పినప్పుడు ఎవరూ వినలేదు.

తేలనివి రెండు మిగిలాయి. ఒకటి, ఊకతో నడిచే డ్రయ్యరు పెట్టాలన్న చిన్నబ్బాయి ఆలోచన. సార్వాలో వానల భయం ఉన్నచోట అది మంచి పెట్టుబడే, కానీ ఏడాదిలో కొన్ని వారాలే నడిచే యంత్రానికి ఏడాది పొడవునా వడ్డీ కట్టాలి, చుట్టుపక్కల మిల్లుల ధాన్యం కూడా కూలికి ఆరబెడితే తప్ప గిట్టుబాటు కాదు. రెండోది పాత నోట్లు. పెద్దబ్బాయి వాటిని కొట్టు ఆస్తిగా రాసుకున్నాడు, వాటిలో చెల్లు లేక మురిగినవి కొన్ని ఉన్నాయి. పంపకాల కాగితంలో ఆ నోట్లకు విలువ సున్నా అని వేసి, ఎప్పుడైనా వసూలైతే ముగ్గురికీ సమానంగా అని రాశాం. మిల్లు అమ్మలేదు. కొట్టు, మిల్లు వేర్వేరు ఖాతాలుగా అన్నదమ్ములకు వెళ్లాయి, మొహమాటం పద్దు మాత్రం షావుకారు గారు కాటా దగ్గర కూర్చున్నంత కాలం కొట్టు ఖర్చుగానే ఉంటుందని, ఏడాదికి దానికి ఒక పరిమితి ఉంటుందని ఒప్పందం. ఆ పరిమితి ఎంతన్నదాని మీద ఇప్పటికీ ప్రతి సీజన్ ముందూ వాదన జరుగుతుంది.